రాతి ఆకు కింద తడి

దయ్యాల కథలు నాకు ఇష్టమే, పుస్తకాల్లో. చదివి మూసి పక్కన పెట్టి నిశ్చింతగా నిద్రపోయేదాన్ని. ఎవరైనా తమ ఇంట్లో ఏదో తిరుగుతోందని చెబితే ఎదురు మాట్లాడే ధైర్యం లేక ఊరుకున్నాను తప్ప, నమ్మి కాదు. ఇప్పటికీ దయ్యం అనే మాట వాడటానికి నాకు మనసొప్పదు. జరిగింది జరిగినట్టు రాస్తాను. చదివేవాళ్లకు భయం వేయకపోవచ్చు. నాకూ వేయలేదు. అసహ్యం వేసింది. అది ఇంకా పోలేదు.

మాది రఘునాథపల్లి దగ్గర. రోడ్డు పక్కన రేకుల షెడ్డులో మా నాయిన రాతి చెక్కుడు పని చేయిస్తాడు. దేవుడి బొమ్మలు కాదు, ఇళ్లకు కావలసినవి. ద్వారబంధాలు, కిటికీ జాలీలు, స్తంభాల మీద పూలు. ఎక్కువగా తాండూరు వైపు నుంచి వచ్చే పసుపు బండ మీద. అది సున్నపురాయి. నల్లరాయిలా మొండికేయదు, ఉలి మాట వింటుంది.

డిగ్రీ అయ్యాక నేను షెడ్డులోనే ఉండి రాళ్ల మీద తీగలూ పూలూ గీసి ఇచ్చేదాన్ని. చెక్కేది మగవాళ్లు. నాకూ ఉలి పట్టాలని ఉండేది. ఆ మాట నాయినతో అనడానికే చాలా కాలం పట్టింది.

భూపాలపల్లిలో బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన ఒకాయన కొత్త ఇల్లు కట్టుకుంటూ మాకు ద్వారబంధం పని ఇచ్చాడు. అందులో ఎడమవైపు నిలువు రాయిని నాయిన నా ముందు పెట్టించాడు.

"గిది నీది. మంచిగొస్తే ఇగ పనిల ఉంటవ్. చెడిందా, మళ్ల ఉలి దిక్కు సూడకు. జనగామల చిన్నమ్మ బట్టల దుకాణంల కూసో."

పరిచయం లేని మనుషుల ముందు చీరల మడతలు విప్పి చూపిస్తూ, నవ్వుతూ, బేరం మాట్లాడటం. అది నా వల్ల కాదు. ఆ రాయి బాగా రావాలి. అంతే.

షెడ్డులో అందరికంటే పెద్దవాడు ఖాజా మామ. ఆయన పనితనం ఎంత మెచ్చుకున్నా తక్కువే కానీ, ఆయన పద్ధతి ఒకటి నేను చూడలేకపోయేదాన్ని. రాతిలో వెంట్రుకంత పగులుంటే కంటికి కనిపించదు. తడిపితే తెలుస్తుంది. మిగతా రాయి ఆరిపోయాక పగులున్న చోట సన్నటి నల్ల గీత మిగిలిపోతుంది. దీనికి అందరూ తడి గుడ్డతో తుడుస్తారు. ఖాజా మామ నాలుకతో నాకుతాడు. జర్దా పాన్ నమిలే నోటితో, దుమ్ము పట్టిన రాయిని, కింది నుంచి పైకి.

"నీళ్లెక్కువైతే అన్ని దాస్తయ్ బిడ్డా. ఉమ్ము జరంతనే పడ్తది. నిజం చెప్తది" అనేవాడు.

అది చూసిన రోజు నాకు అన్నం దిగేది కాదు. నా రాయిని ఆయనకివ్వకుండా నేనే తడి గుడ్డతో చూసుకున్నాను. నాయిన కూడా చూశాడు. ఎక్కడా గీత లేదు. సుత్తితో తడితే కంగున మోగింది.

తీగ చెక్కడం మొదలుపెట్టాను. మధ్యలో ఒక పెద్ద ఆకు. దాని కింద రాతిని సన్నటి ఉలితో లోపలికి తొలిచాను. అలా ఖాళీ చేస్తే నీడ పడి, ఆకు రాతి నుంచి లేచి నిలబడినట్టు కనిపిస్తుంది. నా చిటికెన వేలు కూడా దూరనంత ఇరుకు సందు అది.

ఒక ఉదయం వచ్చేసరికి ఆ ఆకు తడిగా ఉంది. రాయంతా పొడి దుమ్ము, ఆకు మీద మాత్రం వెడల్పాటి తడి పట్టీ. అక్కడి దుమ్మంతా పైకి నెట్టుకుపోయి, కొసన ముద్దలా పేరుకుంది. పళ్లెంలో పెరుగును నాకితే అంచున మిగిలినట్టు. వంగి చూస్తే వాసన వచ్చింది. చాలా రోజులుగా మంచం పట్టిన మనిషి పొద్దున్నే నోరు తెరిస్తే వచ్చే వాసన.

ఖాజా మామ పనే అనుకున్నాను. ఏమీ అనలేక సబ్బు నీళ్లతో కడిగాను. మర్నాడు మళ్లీ తడి. కడిగాను. ఆ తర్వాతి రోజు మధ్యాహ్నం నేను అన్నం తిని వచ్చేలోపే మళ్లీ. ఇక ఆగలేక అడిగాను.

"మామా, నా రాయి సూసినవా?"

"సూసిన. మస్తుగొస్తుంది."

"నాలుకతోనా?"

ఆయన షెడ్డంతా వినేలా అరిచాడు. "ఓ అన్నా, ఇన్నవా? నీ బిడ్డ రాయిని నేను దొంగతనంగ నాకుతున్ననట! ఏం బిడ్డా, అండ్ల బిర్యానీ పెట్టినవా ఏంది?"

అందరూ నవ్వారు. నా చెవులు కాలిపోయాయి. ఖాజా మామ నవ్వుతూనే నా రాయి దగ్గరికి వచ్చి వంగాడు. నవ్వు ఆగిపోయింది. నాలుక బయటపెట్టి నాకు చూపించాడు. పాన్‌తో ఎర్రగా ఉంది.

"నేను నాకితే ఎర్రగ పడ్తది. గిది తెల్లగున్నది." ఇంకాస్త వంగి వాసన చూసి, వెనక్కి జరిగి రుమాలుతో తన నోరే తుడుచుకున్నాడు. "తోబా తోబా. ఎవని నోరు బిడ్డా ఇది?"

తర్వాత ఆయన చుట్టాల పెళ్లికని మహబూబాబాద్ పోయాడు. ఆయన లేని రోజుల్లోనూ ఆకు తడిసింది.

నాయిన కుక్క పని అన్నాడు. రాయిని పనిముట్ల గదిలో పెట్టించి, పైన టార్పాలిన్ పట్టా కప్పి, తాళం వేసి, చెవి నాకే ఇచ్చాడు. పొద్దున్న తీస్తే పట్టా పైన పొడిగా ఉంది. లోపల ఆకు తడిగా ఉంది. సబ్బు నీళ్లు రాయి పీల్చి కక్కుతోందేమో అన్నాడు. అదీ నిజమే కావచ్చునని ఎండలో పెట్టాం. చేయి పెడితే కాలేంతగా ఎండింది. మళ్లీ తడిసింది.

అప్పుడు నాకు ఆకు కింది సందు గుర్తొచ్చింది. సన్నటి పుల్లకు గుడ్డ చుట్టి లోపలికి పోనిచ్చాను. బయటికి తీస్తే పుల్ల వెంట తీగ సాగింది. చిక్కగా, తెల్లగా, తెగకుండా. కుక్క నాలుక కాదు, ఏ నాలుకా పోలేని చోటు అది. షెడ్డు వెనక్కి పరుగెత్తి కడుపులో ఉన్నదంతా కక్కేశాను.

నాయిన నీళ్ల చెంబు పట్టుకుని వచ్చాడు.

"పక్కకు పెడ్దమా బిడ్డా? ఏరే రాయి నేను చెక్కుత."

అంటే నా పని అక్కడితో అయిపోయినట్టే. ఇక జనగామ, బట్టల దుకాణం.

"వద్దు నాయినా. అయిపోవచ్చింది" అన్నాను.

ముక్కుకు గుడ్డ కట్టుకుని పూర్తి చేశాను. దుమ్ముకు కట్టుకున్నాననుకున్నారు అందరూ. రోజూ ముందు తుడవడం, తర్వాత చెక్కడం. ఎవరిదో ఎంగిలి గిన్నె కడుగుతున్నట్టు ఉండేది. ఇంటికి వెళ్లాక చేతులు ఎంత రుద్దినా ఆ జారుడు పోయేది కాదు.

రాళ్లు భూపాలపల్లి వెళ్లాయి. మేస్త్రీలు నిలబెట్టారు. ఇంటామె సమ్మక్క ఫోన్ చేసి చాలా బాగుందని చెప్పింది. తడి సంగతి ఎత్తలేదు. అది మా షెడ్డులోనే ఆగిపోయిందనుకున్నాను. చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను.

గృహప్రవేశానికి మమ్మల్ని పిలిచారు. నేనూ నాయినా ఖాజా మామా వెళ్లేసరికి మధ్యాహ్నం అయింది. గుమ్మం దగ్గర ఆడవాళ్లు గుంపుగా ఉన్నారు. వాళ్ల మధ్య నుంచి నా రాయి కనిపించింది. ఆకు మీద పసుపు, కుంకుమ. కుంకుమ కరిగి కిందికి జారుతోంది.

"రా బిడ్డా, రా!" సమ్మక్క నా చేయి పట్టి లాక్కుపోయింది. "పొద్దుగాల పూజ కాంగనే చెమ్మ పెట్టింది. తల్లే వచ్చి నా గుమ్మంల నిలవడ్డది!"

ఆడవాళ్లు ఒక్కొక్కరే వేలితో ఆకును ముట్టుకుంటున్నారు. కళ్లకద్దుకుంటున్నారు. తర్వాత ఆ వేలిని నోట్లో పెట్టుకుంటున్నారు, తీర్థంలా. ఒకామె చంకలోని పాప పెదాలకు రాసింది.

నలుగురి ముందు నోరు విప్పని దాన్ని, ఆ రోజు విప్పాను.

"అక్కా, ముట్టకుండ్రి. నోట్లె పెట్టుకోకుండ్రి. గవి నీళ్లు కావు."

"మరేంది?"

ఏమని చెప్పను? నాయిన వైపు చూశాను. ఆయన తల దించుకున్నాడు. ఖాజా మామ లోపలికే రాలేదు, గేటు బయట నిలబడి ఉన్నాడు. నిలదొక్కుకోవడానికి రాతి మీద అరచేయి ఆనించాను. అక్కడ నీడ. రాయి చల్లగా ఉంది.

"ఏం సిగ్గే నీకు! సూడుండ్రి, మొకం ఎంత ఎర్రగైందో" అని సమ్మక్క నవ్వింది. "చెక్కిన చెయ్యి నీది. నీకియ్యకుండ మేం తాగుతమా?"

ఆమె ఆకు కింది అంచున వేలు అద్ది, నేను మొహం తిప్పుకునేలోపే నా పెదాల మధ్య పెట్టేసింది. అందరూ చూస్తున్నారు. ఉమ్మలేకపోయాను. మింగాను.

ఆ తర్వాత నాకు పని బాగానే దొరుకుతోంది. నా చేతి ఉలి ఇక ఎవరూ లాక్కోరు. భూపాలపల్లి నుంచే ఇద్దరు ముగ్గురు వచ్చి, అలాంటి ఆకే కావాలని, ఆ అమ్మాయే చెక్కాలని అడిగారు. చెక్కాను. కానీ ఆకు కింద తొలవను. రాతికి అంటించినట్టే వదిలేస్తాను. నాయిన అదేమని అడగడు. అవేవీ తడవలేదు. సమ్మక్క ఇంటి రాయి మాత్రం ఇప్పటికీ తడుస్తోందట. శుక్రవారాలు జనం వస్తున్నారట.

ఎండాకాలంలోనూ ఆరని చెమ్మ ఎక్కడిదో తెలిసినవాళ్లు ఉంటే చెప్పండి, వింటాను. రాతిలో ఏదో గుణం ఉందంటే సంతోషంగా ఒప్పుకుంటాను. ఒక్క సంగతికి మాత్రం జవాబు కావాలి. నా అరచేయి ఆనించిన రాయి చల్లగా ఉంది. నా నోట్లోకి వచ్చింది వెచ్చగా ఉంది.