బహీగా పట్టుబట్టిన పునాది

ఈజిప్టులో కఫ్ర్ అల్-తీన్ ఊరి ఇంజనీర్ల సంఘానికి బహీగా షలబీ అధ్యక్షురాలైన రోజున "ఆడమనిషి కదా, ఆర్నెల్లు చూద్దాం" అన్నవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ ఆర్నెల్లు కాస్తా పదకొండేళ్లయ్యాయి. అలా అన్నవాళ్లు ఇప్పుడు ఆమె గదిలోకి వస్తే లేచి నిలబడతారు. లేవకపోయినా ఆమె పట్టించుకోదు. ఆఫీసులో టీ కాచే హాజీ మన్సూర్ మాత్రం అలాంటివాళ్ల గ్లాసులో చక్కెర వెయ్యడు.

పేదవాడికి అందే ఇల్లు. ఆమెకు ఇంతకు మించి వేరే గొడవ లేదు. పొద్దున్నే ఉడికించిన చిక్కుడు గింజల ఫూల్ అమ్మే బండి దగ్గర నిలబడి రొట్టె తింటూ కూడా దారిన పోయే మేస్త్రీని ఆపి సిమెంటు సంగతి అడుగుతుంది. మొగుడు పోయాక పెళ్లి మాట తెచ్చినవాళ్లను కూర్చోబెట్టి, టీ ఇచ్చి, మీ ఇంటి మురుగు ఎటు పోతోందని అడిగింది. మళ్లీ ఒక్కరు వస్తే ఒట్టు!

అలాంటి మనిషి బల్ల మీదకు ఆ ఏడు ఒక ప్లాను వచ్చింది. కాలవ గట్టున రేకుల కింద బతుకుతున్న రెండువందల కుటుంబాలకు గృహనిర్మాణ బోర్డు ఇళ్లు కట్టిస్తుందట. సంఘం ముద్ర వేస్తే పని మొదలు. బొమ్మలో ఇళ్లు ముద్దొస్తున్నాయి. పసుపు రంగు, గుమ్మం మీద కమాను, లోపల నున్నటి గిలాబు. పునాది మాత్రం ఒక్క అంతస్తుకే. అడుగున ఎర్ర సిరాతో "పైన కట్టరాదు" అని రాసి ఉంది.

బహీగాకు ఒళ్లు మండింది. ఈ ఊళ్లో పైన కట్టనివాడు ఎవడు? కొడుకు పుడితే చాలు, తండ్రి డాబా మీద పిల్లర్ల ఊచలు బయటికి వదిలేస్తాడు. కొడుకు ఎదిగేసరికి ఆ ఊచల మీద అంతస్తు లేస్తుంది. అంతస్తు లేనివాడికి పిల్లనెవరిస్తారు? కాలవ గట్టు జనమూ ఈ ఊరివాళ్లే. తాళం చేతికొచ్చిన అయిదేళ్లలో ఎర్ర సిరా మీదే ఇటుకలు పేర్చేస్తారు.

మూడంతస్తుల పునాది కావాలని ఆమె అడిగింది. అయితే నూటముప్పై ఇళ్లే వస్తాయి, తక్కినవాళ్లు గట్టునే ఉండాలి, అంది బోర్డు. మూడు రోజులు కూర్చుని ఆమె తనే ఇంకో ప్లాను గీసింది. కమాను తీసేసింది. రంగు, గిలాబు, గచ్చు తీసేసింది. వంటిల్లు, స్నానాల గది, ఒక గది మాత్రం పూర్తి చేసి ఇస్తారు, మిగతాదంతా ఉత్త ఇటుక. మిగిలిన ప్రతి పైసా భూమిలోకి, మూడంతస్తుల పునాదికి పోతుంది. ఇళ్లు మాత్రం రెండువందలూ ఉన్నాయి. సంఘమూ, ఆ జనమూ ఇద్దరూ ఒప్పుకుంటే సరే, లేకపోతే మా ప్లానే ఖాయం అని బోర్డు వారం రోజులు గడువిచ్చింది.

గురువారం సంఘం సభ సంతలా తయారైంది. కార్యదర్శి రాఫత్ మంచివాడే, కానీ పరువంటే ప్రాణం.

"గోడలకు గిలాబు లేని ఇళ్ల ముందు మన సంఘం పేరు పలక పెడతారా అమ్మా? ఊరంతా నవ్వుతుంది. పైన కట్టొద్దని రాశారు కదా! రాశాక మన బాధ్యత తీరిపోయింది."

"నేనూ ఇరవయ్యేడేళ్ల వయసులో అలాగే రాశాను నాయనా," అంది బహీగా. సభ సద్దుమణిగింది. "ఒకాయన ఇంటికి రెండంతస్తులకు సంతకం పెట్టాను. ఆయనకు ముగ్గురు కొడుకులు, అయిదు వేశాడు. ఒక మధ్యాహ్నం కూలింది. చిన్న కోడలు పోయింది. అప్పటికి గోరింటాకు కూడా పోలేదు ఆ పిల్ల చేతులకి. విచారణలో నా తప్పేం లేదన్నారు. వాళ్లకు ముగ్గురు కొడుకులని నాకు తెలుసు రాఫత్! పెళ్లి విందు తిన్నాను ఆ ఇంట్లో. తెలిసీ రెండని రాశాను."

మంచినీళ్లు తాగి, "మీలో ఎవరి డాబా మీద ఊచలు లేవో చెయ్యెత్తండి," అంది.

ఒక్క చెయ్యీ లేవలేదు. రాఫత్ ఇంటి మీదైతే తుప్పు పట్టిన ఊచలు వీధి చివరికే కనిపిస్తాయి. అతనే మొదట లేచి ఆమె ప్లానుకు ఓటేశాడు.

ఇక కాలవ గట్టు ఒప్పుకోవాలి. అక్కడ ఉమ్ సబ్రీ మాటంటే మాటే. ఆవిడ కొడుకు సబ్రీ వడ్రంగి, ఇరవయ్యారేళ్లవాడు. నిశ్చితార్థమై రెండేళ్లయింది. ఇల్లు చూపిస్తేనే పిల్లను పంపుతానని మామ భీష్మించుకు కూర్చున్నాడు. బహీగా గీసిన ఇళ్ల బొమ్మ చూసి ఉమ్ సబ్రీ భగ్గుమంది.

"మీ ఇంటికి రంగుందా ఇంజనీరమ్మా?"

"ఉంది తల్లీ."

"ఏం రంగో?"

"లేత పచ్చ."

"అబ్బో! మీకు లేత పచ్చ, మాకు ఉత్త ఇటుకలా? రేకుల కింద బతికినవాళ్లకి అదే ఎక్కువనా? నలుగుర్లో మాకు సిగ్గుండదా?"

బహీగా తల దించుకోలేదు, కసురుకోనూ లేదు. "నువ్వన్నది న్యాయమే. రంగూ ఇవ్వాల్సిందే, కొట్లాడాను, నా వల్ల కాలేదు. రంగు రేపైనా వేసుకోవచ్చు. పునాది మళ్లీ వేసుకోలేవు. ఒక్కసారి నాతో రా. చూశాక వద్దంటే ఆ మాటే బోర్డుకు నేనే చెప్తాను."

నమూనా ఇంటికి సంఘం సొంత ఖర్చుతో గుంట తవ్వి, అడుగున ఊచల జాలీ పరిచింది. ఉమ్ సబ్రీ వెనకాలే గట్టు జనమంతా వచ్చి గుంట చుట్టూ మూగారు. ఎవరెంత వారించినా వినకుండా ఆవిడ నల్ల గౌను ఎత్తి పట్టుకుని నిచ్చెన మీంచి దిగింది. పైనున్నవాళ్లకు ఆవిడ తలగుడ్డ మాత్రమే కనిపిస్తోంది. ఊచల్ని ఒక్కొక్కటే పట్టుకుని బలంకొద్దీ ఊపి చూసింది.

"ఎంతమందిని మోస్తుందమ్మా ఇది?"

"నిన్ను మోస్తుంది. నీ పైన సబ్రీని, వాడి పెళ్లాన్ని. వాళ్ల పైన నీ చిన్నకొడుకుని."

లోపల ఆవిడ ఇంకో ఊచ పట్టుకుని ఊపింది. బహీగా గుంట అంచున వంగి చూసింది. ఆవిడ ఇక్కడ కాదంటే ఎర్ర సిరాదే గెలుపు.

"ఒరేయ్ సబ్రీ!" ఉమ్ సబ్రీ గొంతు గుంటలోంచి వచ్చింది. "మీ మామకి కబురు పెట్టరా. మావాడికి ఇల్లు వచ్చింది, వచ్చి చూసుకోమను."

సబ్రీ చుట్టూ చూశాడు. బీడు నేల, మట్టి కుప్పలు, పైన ఖాళీ ఆకాశం.

"ఎక్కడే అమ్మా?"

"పైకి కాదురా వెర్రినాగన్నా, కిందికి చూడు. దిగిరా, చూపిస్తాను."