మూడుసార్లు ‘సిద్ధమైన’ జంపఖానా

బుధవారం ఉదయం ఆరున్నరకు గుంతకల్లులో ఆదోని వైపు వెళ్లే ప్యాసింజరు ఎక్కాను. సరదా కోసం కాదు, తగాదా కోసం.

మా ఆవిడ వసంత మునిసిపల్ ప్రాథమిక పాఠశాలలో టీచరు. నెలాఖరు శనివారం రిటైరవుతుంది. ఆ రోజు ఒకటో తరగతి పిల్లలు కూర్చోవడానికి ఒక మంచి చేనేత జంపఖానా ఇచ్చి రావాలని ఆమె కోరిక. చలికాలం పొద్దున పిల్లలు బండల మీద కాళ్లు ముడుచుకుని కూర్చోవడం ఏళ్ల తరబడి చూసిన మనిషి. తెచ్చే పూచీ నాదన్నాను. ఆదోనిలో ఒక దుకాణంలో నెల కిందటే ఆర్డరిచ్చాను. ఎనిమిదడుగుల వెడల్పు, పదిహేనడుగుల పొడవు, బూడిదరంగు మీద ఎర్ర చారలు.

ఆ తర్వాత ‘మీ సరుకు సిద్ధం’ అని ఫోనుకు మూడుసార్లు మెసేజి వచ్చింది. మూడుసార్లూ నేను ఫోన్ చేస్తే, ‘ఇంకా రాలేదు సార్’ అన్నారు. రెండుసార్లు ఫిర్యాదు పెట్టాను. రెండూ ‘పరిష్కారమైంది’ అని వాటంతటవే మూసుకుపోయాయి. నాతో ఒక్కరూ మాట్లాడకుండా ఏం పరిష్కరించారో తెలియదు. ఇలాంటివి నేను మరచిపోయే రకం కాదు. తేదీ, గంట, నిమిషంతో సహా నోటుపుస్తకంలో రాసి పెట్టుకున్నాను.

రైల్లో ఎదురు సీటులో ఒక పత్తి వ్యాపారి. ‘‘ఏమప్పా, పొద్దున్నే మొఖం అట్ల పెట్టుకున్నావు?’’ అన్నాడు. కథంతా చెప్పాను. ‘‘జంపఖానా కోసరమా! ఇంట్లో అలిగి వచ్చినావేమో అనుకుంటి’’ అని కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నాడు. అదీ గుర్తుంచుకున్నాను.

ఏడూముప్పావుకు ఆదోని. స్టేషను బయట బండి మీద బొరుగుల ఉగ్గాని, బజ్జీ తిన్నాను. మిరపకాయ బజ్జీ నాలుక కాల్చింది. ఆ మాట బండాయనకు చెప్పి రెండో ప్లేటు తీసుకున్నాను. దుకాణం తొమ్మిదిన్నరకు తెరుస్తామని బోర్డు మీద ఉంది, తెరిచింది పదికి. కిందటిసారి నన్ను అరగంట నిలబెట్టారు కనుక ఈసారి ఎవరూ చెప్పకముందే కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

లోపలి గదిలో లాప్‌టాప్ ముందు షాహీన్ ఉంది. ఆదోని అమ్మాయే. డిగ్రీ అయ్యాక ఈ దుకాణంలో చేరి ఆర్డర్ల వ్యవహారమంతా తనే ఏర్పాటు చేసింది. నేను నోటుపుస్తకం తీసి మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాను. రెండో పేజీలో ఆపింది.

‘‘సార్, టైములు రాసుకున్నారా? నిమిషాలు కూడానా? ఇటివ్వండి!’’

ఈ పుస్తకాన్ని అంత సంతోషంగా తీసుకున్న మనిషిని నేను మొదటిసారి చూశాను. ఆమె తన తెర నా వైపు తిప్పింది. నేతగాళ్ల ఫోన్లలో ఒక చిన్న యాప్ ఉంది. కోడు రాయకుండా, గళ్లూ మీటలూ లాగి అమర్చి చేసినదట. దుకాణం లాప్‌టాప్‌లో పనుల బోర్డు ఉంది. ఒక్కో ఆర్డరుకు ఒక్కో కార్డు. పని నడిచేకొద్దీ కార్డు ఒక వరస నుంచి ఇంకో వరసకు జరుగుతుంది. ఈ రెంటినీ కలుపుతూ మధ్యలో ఆటోమేషన్. ‘ఇక్కడ ఇది జరిగితే అక్కడ అది చెయ్యి’ అని ముందే చెప్పి పెడితే మనిషి లేకపోయినా అదే చేసుకుపోతుంది.

‘‘మగ్గం కాడినుంచి ఫొటో వస్తే పని అయినట్టు అని కట్టినా సార్. కార్డు అయిపోయిన వరసకు పోతుంది, మీకు మెసేజి పోతుంది. కార్డు ఆ వరసలో ఉంటే దాని మీద ఫిర్యాదు దానంతటదే మూసుకుంటుంది.’’

‘‘మరి ఫొటో ఎలా వచ్చింది, సరుకు లేకుండా?’’

ఆమె ఫొటోలు తెరిచింది. మొదటిదాని మీదికి ఇద్దరం వంగి చూశాం. మగ్గానికి పసుపు, కుంకుమ, కొట్టిన కొబ్బరికాయ, ఊదుబత్తీలు. జంపఖానా ఎక్కడా లేదు.

‘‘నువ్వెప్పుడైనా ఆ మగ్గం చూశావా అమ్మా?’’ అన్నాను.

‘‘లేదు సార్. అంతా ఈడ కూర్చునే చేసినా.’’ నిజం ఒప్పుకుంది, కాబట్టి అది పుస్తకంలో రాయలేదు.

పదకొండుంబావుకు ఇద్దరం ఎమ్మిగనూరు బస్సెక్కాం. ఆడవాళ్లకు బస్సు ఉచితం కనుక ఆమెకు సున్నా టికెట్టు. కండక్టరు నాకు మాత్రం డబ్బుల టికెట్టు కొట్టాడు, చిల్లర తర్వాత ఇస్తానన్నాడు. దిగేదాకా అతని వీపు మీద నుంచి చూపు తిప్పలేదు. ఇచ్చాడు.

నేతగాళ్ల వీధిలో అన్ని ఇళ్లలోనూ మగ్గాలు ఆడుతున్నాయి, ఈరన్న ఇంట్లో తప్ప. సగం నేసిన నా జంపఖానా మగ్గం మీదే ఉంది. ఈరన్న గడపలో కూర్చుని ఉన్నాడు. నేను నోరు తెరిచేలోగా అతనే అందుకున్నాడు.

‘‘ఎర్రనూలు యాడప్పా? నాలుగు దినాలాయ, మగ్గం కాడ ఈగలు తోలుకుంటాండాను! దుకాణమోళ్లకు మేమంటే లెక్కే లేదు.’’

నాకంటే పెద్ద ఫిర్యాదుదారు ఉంటాడని నేననుకోలేదు. షాహీన్ ఫోన్ తీసి చూసి తల పట్టుకుంది. కార్డు అయిపోయిన వరసకు పోయింది కనుక ఎర్రనూలు పంపమనే చీటీ గోదాముకు పోనేలేదు.

‘‘అన్నా, పూజ ఫొటో ఎందుకు పెట్టినావు?’’

‘‘మగ్గానికి పడుగు నూలు ఎక్కించి పూజ చేసినాక ఫొటో పెట్టకపోతే ఎట్లమ్మా? మొదలుపెట్టినామని మీకు తెలియాల గదా!’’

లోపలి నుంచి అతని భార్య లక్ష్మి వచ్చింది. ‘‘జానెడు నేసినాక అంచు బాగొచ్చిందని ఒకటి నేను పెట్టినా. శుక్రవారం దీపం పెట్టి ఇంకొకటి.’’ ఇంతకుముందు ఎవరూ చేయని మంచి పని చేసినట్టు చెప్పింది. మూడు మెసేజిల లెక్క తేలింది. నా పుస్తకంలోని నిమిషాలతో సరిగ్గా సరిపోయింది.

శనివారానికి అవుతుందా అని అడిగాను. ‘‘ఈ పూట నూలొస్తే ఇద్దరం కూర్చుంటాం. శుక్రవారం మధ్యాన్నానికి దించుతాం’’ అన్నాడు ఈరన్న. అయితే జంపఖానా లేకుండా ఈ ఊరు కదలనన్నాను. ‘‘కదలొద్దు సార్, మాకూ తోడుంటాది’’ అంది లక్ష్మి.

షాహీన్ గోదాముకు ఫోన్ చేసి చెబితే మూడు గంటల బస్సులో ఎర్రనూలు వచ్చింది. నేనే బస్టాండుకు పోయి దించుకున్నాను. తిరిగి వచ్చేసరికి షాహీన్ మగ్గం పక్కనే నేల మీద కూర్చుని తన ఆటోమేషన్ అల్లిక విప్పి మళ్లీ కట్టింది. ఫొటో వస్తే ఊరికే కార్డుకు అంటుకుని ఉంటుంది, అంతే. యాప్‌లో ‘నూలు కావాల’ అని ఒక మీట, ‘మగ్గం దించినాం’ అని ఇంకో మీట పెట్టింది. రెండోది నొక్కితే పొడవూ వెడల్పూ అడుగుతుంది. దుకాణంలో మనిషి కొలిచి ఒప్పుకున్నాకే కొనేవారికి మెసేజి. ఫిర్యాదును ఇక మనిషే మూయాలి. ఈ చివరిదానికి నేను పట్టుబట్టాను.

పరీక్షకు లక్ష్మి ఒక ఫొటో తీసి పంపింది, మంచం మీద కూర్చున్న నాది. కార్డు కదల్లేదు.

‘‘సార్ మొఖానికే బెదరలేదంటే గట్టిగానే కట్టినావమ్మా’’ అంది. ఈరన్న మగ్గం ఆపి మరీ నవ్వాడు.

షాహీన్ సాయంత్రం బస్సుకు ఆదోని వెళ్లిపోయింది. నేను బస్టాండు దగ్గర లాడ్జిలో రెండు రాత్రులు ఉన్నాను. పొద్దున కుళాయిలో నీళ్లు రావు, ముందే బకెట్టు పట్టుకోవాలి. వెళ్లేవాళ్లు గుర్తుంచుకోండి. మధ్యాహ్నం ఈరన్న ఇంట్లోనే జొన్నరొట్టె, చెనిగ్గింజల ఊరిబిండి పచ్చడి. దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. శుక్రవారం ఒంటిగంటకు జంపఖానా దించారు. చారలు లెక్కపెట్టాను, సరిపోయాయి.

జంపఖానా చుట్టను భుజాన వేసుకుని బస్సులో ఆదోనికి, సాయంత్రం అయిదింటికి గుంతకల్లు రైలు. పెట్టెలో కాలు పెట్టే చోటు లేదు. కోసిగి నుంచి వచ్చిన కుటుంబాలు, మిరపకాయలు కోసే పనికి గుంటూరు వైపు పోతున్నారు. చుట్టను తలుపు పక్కన నిలబెట్టి ఎవరూ తాకకుండా చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. అయిదారేళ్ల పాప ఒకతి తల్లి కొంగు పట్టుకుని ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారుతోంది.

‘‘కొత్తదా సార్? ఎవరికి?’’ అంది తల్లి.

‘‘బళ్లో పిల్లలు కూర్చోవడానికి.’’

‘‘మా పాపను ఈ ఏడు ఒకటో తరగతిలో ఏసినాం. రెండు నెల్లు ఆడుండి వచ్చినాక మళ్లా పోతాది’’ అంది, సంజాయిషీలా.

నేను చుట్టను అడ్డంగా పడుకోబెట్టాను. పాప ఒకసారి నా వైపు, ఒకసారి దాని వైపు చూసి, ఎక్కి కూర్చుంది. తర్వాత ఇంకో ఇద్దరు పిల్లలు వచ్చారు. నాకు చోటు ఇవ్వాలని వాళ్లకు తోచలేదు. నిలబడే వచ్చాను.

గుంతకల్లులో దిగేముందు పాపను తల్లి ఎత్తుకుంది. జంపఖానా మీద చెనక్కాయ పొట్టు రాలి ఉంది. ఈ మూడు రోజుల్లో ఎన్నో రాసుకున్నాను కానీ, ఇలాంటి తగాదా మళ్లీ వస్తే మళ్లీ ఇదే దారిలో పోతాను. వసంత ప్లాట్‌ఫారం మీదికి వచ్చి చుట్టను తడిమి, ‘‘కొత్తదాని మీద ఈ పొట్టేమిటండీ?’’ అంది.

‘‘ఒకటో తరగతి వాళ్లు కూర్చున్నారు’’ అన్నాను.