ఆమోదం కోసం ఆగిన వాక్యం

రొయ్యల చెరువుల యాప్‌కి తెలుగు రాయడం నా పని. కంపెనీ వాళ్ల సాఫ్ట్‌వేర్ తెరిస్తే ఎడమవైపు ఇంగ్లీషు వాక్యం, కుడివైపు నా తెలుగు. రాసినంత మాత్రాన సరిపోదు, ఇంకొకరు చదివి ఆమోదించాలి. అందాకా దాని పక్కన పసుపు చుక్క ఉంటుంది. చుక్క ఉన్న వాక్యం ఫోన్లలోకి ఇంగ్లీషులోనే వెళ్తుంది.

తోటపల్లి గూడూరు దగ్గర మా అన్న చెరువు చేస్తున్నాడు. ఆ యాప్ తనూ పెట్టుకున్నాడు. కట్ట మీద తిరిగే మనిషి ఫోన్ చూస్తూ కూర్చోడు కదా, అందుకని షెడ్డులో ఫోన్‌ని స్పీకరుకు తగిలించి వదిలేశాడు. నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే యాప్ గట్టిగా చదివి చెబుతుంది. చదివేది నా వాక్యమే. అది చెరువంతా వినిపిస్తుంటే నాకు కాస్త గొప్పగా కూడా ఉండేది.

ఆ మధ్య కంపెనీలో ఎవరో ఆ ఇంగ్లీషు హెచ్చరికలో ఒక మాట మార్చారు. దాంతో నా పాత తెలుగు ఇక చెల్లదని సాఫ్ట్‌వేర్ పక్కన పెట్టేసింది. వెంటనే మళ్లీ రాశాను. ఆమోదించాల్సినాయన సెలవులో ఉన్నారు. మేనేజరుకు ఫోన్ చేసి, ఈ ఒక్కటీ మీరే ఆమోదించండి, ఇది మామూలు వాక్యం కాదండీ అని బతిమాలాను.

"పద్ధతి అందరికీ ఒకటేనమ్మా. ఆయన రానీ" అన్నారు. ఒళ్లు మండిపోయింది. యాప్ కొత్త వెర్షన్ మాత్రం ఎవరి కోసమూ ఆగకుండా ఫోన్లలోకి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున ముసురు పట్టింది. ఎండ లేకపోతే చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది. అన్న చెరువు హెచ్చరికలు నా ఫోన్‌కీ వస్తాయి. వచ్చింది, ఇంగ్లీషులో. అన్న మేత బస్తాల కోసం టౌనుకు వెళ్లాడు, చెరువు దగ్గర వదిన ఒక్కతే. షెడ్డు ఫోన్‌కి చేస్తే ఎత్తలేదు. తెప్ప మీద చెరువంతా తిరుగుతూ మేత చల్లుతుంది వదిన, మధ్యలో వదిలి దిగే మనిషి కాదు. ఈ పంట కూడా పోతే చెరువు వదిలేసుకోవాల్సిందేనని అన్న ముందే చెప్పి ఉన్నాడు. వెంటనే స్కూటీ తీశాను.

కట్ట ఎక్కేసరికి స్పీకరు ఇంగ్లీషులో అరుస్తూనే ఉంది. వదిన తెప్ప మీద నిలబడి నింపాదిగా మేత చల్లుతోంది.

"మేత ఆపొదినా! ఆక్సిజన్ పడిపోయింది!" అని అరుస్తూ షెడ్డులోకి పరిగెత్తి, నీళ్లను చిలికి గాలి కలిపే ఏరేటర్లు వేశాను. గట్టు వెంబడి రొయ్యలు పైకొచ్చి కొట్టుకుంటున్నాయి. కొన్ని అప్పటికే కదలడం లేదు.

"ఇంగిలీసులో అరస్తా ఉంటే ఏదో అడ్వర్టైజ్‌మెంట్ అనుకున్నా గదమ్మాయ్" అంటూ వదిన తెప్ప మీదే కూలబడింది.

మధ్యాహ్నానికి సగం చెరువు తేలిపోయింది. ఇద్దరం వలలతో చచ్చిన రొయ్యల్ని ఎత్తుతున్నాం. అప్పుడు నా ఫోన్ మోగింది. సెలవు మీద వెళ్లినాయన వచ్చి నా వాక్యాన్ని ఆమోదించారట. కాసేపటికి స్పీకరు తెలుగు అందుకుంది.

"చెరువులో ఆక్సిజన్ తగ్గింది. మేత ఆపండి. వెంటనే ఏరేటర్లు వేయండి."

వదిన వల పట్టుకునే చివరిదాకా విన్నది.

"ఇది నువ్వు రాసిందేనా?"

"అవునొదినా."

"బాగా రాసినావు. నాక్కూడా అర్థమైంది" అన్నది.