నాన్న వీసా మీద ఇంజినీరు

షార్జాలో జీతం మీద పన్ను లేదు. అందుకని కాలేజీలో చదివే కొడుకును తన మీద ఆధారపడినవాడిగా పన్ను కాగితాల్లో చూపించే పని మా నాన్నకు ఎప్పుడూ పడలేదు. వీసా కాగితాల్లో మాత్రం ఏటా చూపించాలి. పద్దెనిమిది దాటిన మగపిల్లవాడు తండ్రి వీసా మీద ఉండాలంటే మూడు సంగతులు తేలాలి: చదువుతున్నాడు, పెళ్లి కాలేదు, ఉద్యోగం చేయడం లేదు. మొదటి రెండింటికీ నా దగ్గర కాగితాలున్నాయి. మూడోదానికి మా నాన్న నోరే ఆధారం. చిక్కు అక్కడే వచ్చింది.

అది 2021, మాస్కుల కాలం. నేను ఇంజినీరింగ్ చివరి సెమిస్టర్‌లో ఉన్నాను. వీసా గడువు తొమ్మిది రోజుల్లో అయిపోతుంది, పరీక్షలు రెండు నెలల తర్వాత. వీసా పొడిగించకపోతే ఇండియా వెళ్లిపోవాలి. వెళితే తిరిగి రావడానికి విమానాలు ఎప్పుడు నడుస్తాయో ఎవరికీ తెలియదు.

పదకొండు కాగితాలు వరసగా పెట్టి, రంగు చీటీలు అంటించి, పైన విషయసూచిక కూడా చేర్చాను. రోలా బజారులో వీసా దరఖాస్తులు టైప్ చేసి పంపే టైపింగ్ సెంటర్‌కు నాన్నతో కలిసి నడుస్తూ ఒకే ఒక్క జాగ్రత్త చెప్పాను.

"నాన్నా, లోపల అడిగితే స్టూడెంట్ అను. ట్రైనింగ్ మాట ఎత్తకు."

"నాకు చెప్తావేంట్రా? నువ్వు పుట్టకముందు నుంచీ ఇక్కడున్నాను."

ఆ ట్రైనింగ్ సంగతేమిటంటే, అంతకుముందు ఎండాకాలంలో ఆరు వారాలు ఒక ఆఫీసుకు వెళ్లి పని చూసి వచ్చాను. నాన్న మాత్రం మా బిల్డింగ్ మొత్తానికీ "మావాడికి ఆఫీసులో జాబొచ్చేసిందండి" అని చెప్పేశాడు.

కౌంటర్లో ప్లాస్టిక్ తెర వెనక ఒక మలయాళీ కూర్చున్నాడు. నా సూచికను చూడనైనా చూడకుండా కాగితాలన్నీ కలిపేసి అడిగాడు.

"లడకా కామ్ కర్తా హై?"

నాన్న ఛాతీ పొంగింది. "ఇంజినీర్ హై! బడా ఆఫీస్ మే!"

మలయాళీ వేళ్లు కీబోర్డు మీంచి లేచాయి. "ఫిర్ కంపెనీ వీసా దేగా. ఆప్ క్యోం?"

నేను నాన్న వీపు మీద పొడిచాను. ఆయన ఒక కంపెనీలో స్టోర్‌కీపర్. తెలుగు మాట చివర 'వాలా', 'హై' తగిలిస్తే హిందీ అయిపోతుందని పాతికేళ్లుగా ఆయన నమ్మకం.

"నై నై భాయ్! కామ్ నై. పూరా ఖాళీ వాలా హై."

మధ్యలో రెండు మాస్కులు, ఒక ప్లాస్టిక్ తెర. అవతలికి చేరేసరికి అది 'ఖల్లీవల్లీ' అయింది. వీసా ఇచ్చిన యజమాని, అంటే కఫీల్ దగ్గర్నుంచి పారిపోయి కాగితాల్లేకుండా తిరిగేవాణ్ణి ఇక్కడ ఆ మాటతోనే పిలుస్తారు. మలయాళీ ఫైలు వెనక్కి తోసేశాడు.

"ఖల్లీవల్లీ కా కేస్ ఇధర్ నై."

నాన్న అంతకంటే గట్టిగా ఒప్పుకున్నాడు. "హా హా, వహీ! సాల్ భర్ ఖాళీ వాలా!"

లైన్లో మా వెనక, కంపెనీ యూనిఫాంలో ఉన్న నిజామాబాద్ వైపు మనిషి పగలబడి నవ్వాడు.

"ఏమంటున్నవే అన్నా! కన్నకొడుకునే ఖల్లీవల్లీ జేస్తివి. జర ఆగు." తర్వాత తెర దగ్గరికి వంగి, "భాగా హువా నై భాయ్. బేకార్ హై. ఘర్ మే బైఠా హై," అన్నాడు.

"బేకారేంటి తమ్ముడూ, ఇంజినీరింగ్ చదువుతుంటే!"

"గమ్మునుండే అన్నా. బేకార్ అంటెనే నీ కొడుకు పరీక్ష రాస్తడు."

నాన్న నావైపు ఒకసారి చూశాడు. తర్వాత ఒక్కో మాటా విడదీసి చెప్పాడు. "కామ్ బిల్కుల్ నై. ఖానా మై దేతా. కప్డా మై దేతా. మొబైల్ భీ మై." మలయాళీ మళ్లీ టైప్ చేయడం మొదలుపెట్టేసరికి ఆయనకు ఊపొచ్చింది. "చాయ్ భీ బనానా నై ఆతా!"

"నాన్నా, టీ పెట్టడం నాకొచ్చు."

"నోర్ముయ్యరా. వీసా కావాలా, వద్దా?"

"పెండ్లి గిట్ల గాలే గద?" అన్నాడు వెనకాయన.

"టీ పెట్టడం రానోడికి పిల్లనెవరిస్తారు తమ్ముడూ!"

లైనంతా నవ్వింది. ఆ అయిదు నిమిషాల్లో నాన్న నా మీద తొమ్మిది ఆరోపణలు చేశాడు. తర్వాత ఒక్కొక్కటే పరిశీలించాను. అబద్ధం టీ ఒక్కటే.

చివరికి సంతకానికి కాగితం వచ్చింది. ఏం రాశారో చదివి చెప్పమన్నాడు నాన్న.

"నా కొడుకు ఏ పనీ చేయడం లేదు, పూర్తిగా నా మీద ఆధారపడి ఉన్నాడు అని."

"పూర్తిగా అనే ఉందా?"

"పూర్తిగా అనే ఉంది."

"ఇంజినీరింగ్ మాట?"

"ఇందులో అక్కర్లేదు నాన్నా."

పెన్ను తీసుకున్నాడు. తర్వాత తెలుగులో, ఒక్క అక్షరం కూడా వదలకుండా, నిదానంగా సంతకం చేశాడు.

అయిదో రోజున ఫోన్ చేశాడు. వీసా మెసేజ్ ఆయనకే వచ్చింది. ఫారంలో నా ఫోన్ నంబరు గడిలో కూడా తన నంబరే రాయించాడు.

"ఒరేయ్, వచ్చేసింది. ఇంక కూర్చుని చదువు."