దుంగ మీద కారు

"ఆయన పేరు నా నోట చెప్పించాలని చూడకు తమ్ముడూ. మా పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఒక్కసారే అన్నాను. అదీ ఆయన ఉంటాడో పోతాడో తెలీనప్పుడు."

చేటలోని ఎండురొయ్యల తలలు తుంచి పక్కన వేస్తూ చిట్టెమ్మ ఆ మాట అంది. ఎదురింట్లో అద్దెకుండే గుమాస్తా అరుగు చివర కూర్చుని వింటున్నాడు. ఆమె చెప్పేదాకా ఆగటం అతనికి అలవాటే. ఆమె రెండు గుప్పెళ్ళ రొయ్యలు ఒలిచి, అప్పుడు చెప్పింది.

చిట్టెమ్మ పుట్టిల్లు దరియాలతిప్ప. తండ్రి పాపారావు పడవలు కట్టేవాడు. చిల్లులు పడ్డ పడవల్ని ఒడ్డుకెక్కించి, అడుగున సందుల్లో దూదీ గుగ్గిలమూ దట్టించి, మళ్ళీ నీళ్ళలోకి దింపేవాడు. ఫరంపేట బుల్లబ్బాయిని చేసుకుని ఆమె యానాంలోకి వచ్చింది. అతనికో పాత అంబాసిడరు కారు. కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్ళాలంటే చుట్టుపక్కల వాళ్ళు వచ్చి ఆ ఇంటి తలుపే తట్టేవారు. కారుకి ఏం చెయ్యాలన్నా అతను వాకిట్లోనే చేసుకునేవాడు.

చిట్టెమ్మకు కారంటే భయం లేదు. ఎత్తి నిలబెట్టిన బరువంటే భయం. చిన్నప్పుడు ఏటి ఒడ్డున పడవని దుంగల మీదుగా పైకి లాగుతుంటే ఇద్దరు ఒకేసారి రెండు మాటలు అరిచారు. ఒకడు లాగమన్నాడు, ఒకడు ఆగమన్నాడు. సగం మంది లాగారు, సగం మంది వదిలేశారు. పడవ వెనక్కి జారింది. కింద ఉన్న ఆమె చిన్నాన్న కాలు మోకాలి దాకా నుజ్జయిపోయింది. జారే ముందు తాటిదుంగ కిర్రుమంది. మంచం పట్టె మీద ఎవరో ఒత్తిగిలినట్టు, అంత చిన్న చప్పుడు. అది ఆమె చెవిలో ఉండిపోయింది.

ఆనాటి నుంచి పాపారావు దగ్గర ఒకటే కట్టుబాటు. దుంగ మీద బరువున్నంతసేపూ ఒక్క గొంతే పలకాలి. అది ఆయనది. మిగతా అందరూ నోళ్ళు మూసుకోవాలి.

ఎనభై ఆరులో వచ్చిన వరదలు పోయిన మరుసటేడు, వాన పడి వెలిసిన ఓ పొద్దున బుల్లబ్బాయి కారులో ఇంజినాయిలు మార్చబోయాడు. మర్నాడు అదే వీధిలో ఉండే ఆగ్నెస్ టీచరు వాళ్ళమ్మని కంటి ఆపరేషనుకి కాకినాడ తీసుకెళ్తానని మాటిచ్చి ఉన్నాడు. నూనేమో కాటుకలా నల్లబడిపోయింది. ఛాంబరు అడుగున ఉండే నట్టు విప్పితే పాతది కారిపోతుంది. ఎప్పుడూ చేసే పనే. ఆ రోజు మాత్రం నట్టు కదల్లేదు. పడుకుని పట్టాడు, కాలితో తన్నాడు, పానా జారి వేలి కణుపులు చెక్కుకుపోయాయి.

"పానాకి పైపు తొడిగి తిప్పితే రావాలి. దానికి కారు ఎత్తాలి మావా. జాకీ చూత్తే ఉప్పుగాలికి బిగిసిపోయింది."

కూతుర్ని చూడటానికి వచ్చిన పాపారావు చుట్ట పక్కన పెట్టాడు. "జాకీ ఎందుకయ్యా అల్లుడూ. ఊరు ఊరంతా ఎక్కే పడవల్నే ఎత్తాను. నీ డబ్బా నాకో లెక్కా?"

ఇద్దరూ కలిసి సరుగుడు బాదును మీటలా పెట్టి ముందు భాగం ఎత్తారు. ఇంజనుకి కాస్త ముందుగా తాటిదుంగను అడ్డంగా దూర్చారు. దుంగ కదలకుండా ఇటొకటి అటొకటి చెక్క చీలలు కొట్టారు. వెనక చక్రాలకి ఇటికలు పెట్టారు. ముందు చక్రాలు గాలిలో ఆడుతున్నాయి.

చిట్టెమ్మ వంటింటి గుమ్మంలోంచి చూసింది. పడవ కింద దుంగ వేసేదే దొర్లటానికి. ఆ మాట ఆ ఇద్దరికీ ఎందుకు తోచలేదో ఆమెకు అర్థం కాలేదు.

"నాన్నా, అది గుండ్రం దుంగ."

"ఎరుగుదును లేయే. చీలలు కొట్టాంగా."

"ఇదిగో, నిన్నే. కిందికి దూరకు."

"దూరకపోతే నట్టు దానంతటదే ఊడి నా చేతిలో పడుద్దా?" అంటూనే బుల్లబ్బాయి గోనెపట్టా పరుచుకుని వెల్లకిలా లోపలికి జరిగాడు. కాళ్ళు మామ వైపు, తల భార్య వైపు.

పాపారావు అలవాటు చొప్పున చెయ్యెత్తాడు. "ఇక ఒక్క గొంతే. హైలెస్సా అన్నప్పుడు లాగు."

బుల్లబ్బాయి మొదటిసారి లాగాడు. కారు చిన్నగా ఊగింది. నట్టు రాలేదు. రెండోసారి లాగాడు. చిట్టెమ్మ గుమ్మం దిగి కారు దగ్గరకొచ్చింది. వానకి నానిన ఒండ్రులో వెనక ఇటిక ఒకటి అంచుదాకా దిగిపోయి ఉంది. తనవైపు చీల చూసింది. ఇందాక దుంగకు ఆనుకుని ఉన్నది ఇప్పుడు వేలెడు దూరం జరిగింది. నాన్న ఉన్న చోటికి అది కనబడదు. ఆయన చూపంతా అల్లుడి కాళ్ళ మీదే ఉంది.

"నాన్నా, చీల..."

"ఒక్క గొంతు!"

ఆమె నోరు పడిపోయింది. ఆ మాటకి ఆమె చిన్నప్పటి నుంచి నోరు మూసుకుంటూనే ఉంది. పైగా రెండు గొంతులు కలిస్తే ఏమవుతుందో చూసిన మనిషి. అరిస్తే మొగుడు బెదిరి, చేతిలో ఉన్న పానా గట్టిగా లాగితే? అరవకపోతే? వంగి చూసింది. కారు కింద చీకట్లో మొగుడి మొహం తలకిందులుగా కనబడింది. పెదవి పళ్ళ కింద బిగబట్టి నట్టు వైపే చూస్తున్నాడు. అతని రొమ్ముకీ ఇంజనుకీ మధ్య జానెడు ఖాళీ కూడా లేదు.

"ఇదిగో... ఇదిగో, బయటికి రా," అంది గొంతు తగ్గించి.

"ఉండెహె, వచ్చేత్తంది."

ఇదిగో అనే మాట అతను రోజుకెన్నిసార్లు వింటాడో. ఉప్పు తెమ్మన్నా ఇదిగో, స్నానానికి నీళ్ళు కాగాయన్నా ఇదిగో. ఆ పిలుపుకి అతను తల తిప్పడు.

"హైలెస్సా," అన్నాడు పాపారావు.

దుంగ కిర్రుమంది.

అదే చప్పుడు. మంచం పట్టె మీద ఎవరో ఒత్తిగిలినట్టు.

"బుల్లబ్బాయ్!"

కారు కింద పానా ఆగింది. వాళ్ళమ్మ పోయాక ఆ పేరుని ఆ ఇంట్లో ఆడగొంతు పలకలేదు. ఎవరు పిలిచారో చూద్దామని అతను మెడ వెనక్కి విరిచి, భుజాల మీద ఒక్క జరుగు జరిగాడు. తల బయటికొచ్చింది. చిట్టెమ్మ రెండు చంకల కిందా చేతులు దూర్చి, పాదాలు ఒండ్రులో తన్నిపెట్టి లాగింది. ఇద్దరూ వెల్లకిలా పడ్డారు. అతని మడమ బయటికి వచ్చిందో లేదో, చీల ఎగిరి గోడకి తగిలింది. కారు వెనక్కి జారింది. దుంగ దొర్లింది. ముందు చక్రాలు దభీమని నేలకి దిగాయి.

గోనెపట్టా మీద అతని రొమ్ము ఉన్న చోట దుంగ ఆగి ఉంది. దాని కింద పానా పైపు విల్లులా వంగిపోయింది.

పాపారావు ఎత్తిన చెయ్యి అలాగే ఉంది. తర్వాత ఆయన నేల మీద చతికిలబడ్డాడు. "ఆ నట్టు అలా రాదు అల్లుడూ," అన్నాడు మెల్లిగా.

"ఎందుకు రాదు?"

"నెల కిందట వచ్చినప్పుడు చూశాను. అక్కడ బొట్టు బొట్టు కారుతోంది. నువ్వు పడుకున్నావు కదాని నేనే దూదీ గుగ్గిలం దట్టించాను. మన పిల్లల్నీ ముసలోళ్ళనీ ఎక్కించుకెళ్ళే బండి గదా, కారితే ఎలాగని. గట్టిగా లాగితే వచ్చేద్దనుకుని ఇందాక చెప్పలేదు."

బుల్లబ్బాయి వంగిన పైపు వైపు, మామ వైపు మార్చి మార్చి చూశాడు. "ములిగిపోద్దనుకున్నావా మావా?"

నవ్వబోయి, చెక్కుకుపోయిన వేలి కణుపులు నోట్లో పెట్టుకున్నాడు.

గుగ్గిలం వేడికే లొంగుతుందని పాపారావు చెప్పాడు. నూనె కాగి మీద పడుతుందనే జంకుతో అంతవరకూ బుల్లబ్బాయి ఇంజను స్టార్టు చెయ్యలేదు. ఇప్పుడు చేసి, కాసేపు తిరగనిచ్చి, ఆపాడు. కారు నేల మీదే ఉంది. పక్కనుంచి చెయ్యి చాపి పానా వేస్తే నట్టు ఒక్క తిప్పుకి కదిలింది. దూది ముద్ద ఊడిపడింది, దాని వెనకే వెచ్చటి నల్లనూనె తట్టలోకి దిగింది. వాకిలంతా గుగ్గిలం పొగ వాసన. శవం తల దగ్గర వేసే ధూపం వాసన అది. మొగుడు ఎదురుగా నిలబడి చేతులు తుడుచుకుంటుంటే, ఆ వాసన పీలుస్తూ చిట్టెమ్మ గోడ పట్టుకుని నిలబడింది. తర్వాత పెరట్లోకి వెళ్ళి వాంతి చేసుకుంది.

ఆగ్నెస్ టీచరు వాళ్ళమ్మని అనుకున్న వేళకే కాకినాడ తీసుకెళ్ళాడు. వెళ్ళే ముందు గుమ్మంలో ఆగి, "ఏదీ, నిన్నటిలా ఇంకోసారి పిలు," అన్నాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

"ఇప్పటికీ అడుగుతాడు తమ్ముడూ. నాకు నోరు రాదు. ఆ పేరు తలుచుకుంటే కిర్రుమని వినపడుద్ది."

చేటలో రొయ్యలు అయిపోయాయి. చిట్టెమ్మ తలలన్నీ కాగితంలో పొట్లం కట్టి, చీర దులుపుకుని లేచింది. వీధి మలుపు వైపు చూసింది. అక్కడి రేకుల షెడ్డులోంచి ఇనుము మీద ఇనుము తగులుతున్న చప్పుడు వస్తోంది.

"వంకాయలో ఈ రొయ్యలు వేసేత్తే కూర అయిపోద్ది. నువ్వు బజారుకి ఆ షెడ్డు మీంచే గదా వెళ్ళేది? పొద్దుట్నించీ కారు కిందే ఉన్నాడు మా ఆయన. కాళ్ళే కనపడతాయి. వెనక చక్రాలకి అడ్డం రాళ్ళున్నాయేమో చూడు. ఉంటే పేరెట్టి పిలు, అన్నం చల్లారిపోతందని చెప్పు. గట్టిగా పిలవకు, అదిరిపడతాడు."

గుమాస్తా చెప్పులు తొడుక్కుంటూ ఆగాడు. "రాళ్ళు లేకపోతేనో అక్కా?"

"లేకపోతే నువ్వు నోరెత్తకు. పరిగెత్తుకొచ్చి నాకు చెప్పు. నేనే వచ్చి పిలుత్తాను."