వేలెడు పెరిగిన రాయి

అరవై దాటాక గానీ నాకు అక్షరాలు రాలేదు. అందుకే బార్సూరులో జరిగింది ఇన్నేళ్లూ రాయలేకపోయాను.

మా ఆయన పోయిన ఏడాది అది. బచేలి ఇనుప గనుల క్వార్టర్లలో మా ఇరుగుపొరుగు సరోజ, మంగమ్మలతో కలిసి ఆ పాత గుళ్ల ఊరు చూడ్డానికి శని, ఆదివారాలకు వెళ్లాను. సాయంత్రం ఊరి చివర కాలిలో ముల్లు దిగితే, వరుసగా పాతిన నిలువు రాళ్లలో ఒకదానికి ఆనుకున్నాను.

"లెవ్వు బిడ్డా, మా అక్క మీద ఒరిగినవ్," అంది ఒక ముసలామె. ఆమె పుట్టిల్లు తెలుగు సరిహద్దున ఉన్న గొల్లపల్లి అట, అందుకే తెలుగు వచ్చు. అవి చనిపోయినవాళ్ల పేరున పాతిన రాళ్లు. ఆమె చేతిలో ముడి వేసిన తాడు ఉంది. ఒక కొస నా చేత నేలకు పట్టించి రాయిని కొలిచింది. నిరుడు రాయి కొనకు సరిగ్గా వేసిన ముడి ఇప్పుడు వేలెడు కిందే ఆగింది.

"ఆడ సుకంగుంటె రాయి పెరుగుతది."

"వానకి మట్టి కొట్టుకుపోయుంటుందిలే మామ్మా," అని సరోజ నవ్వింది. కానీ రాయి మొదట్లో నాచు చెక్కుచెదరలేదు.

ముసలామె నావైపు తిరిగింది. "నీ పెనిమిటికి ఏడ పెట్టినవ్ రాయి?"

ఆయన పోయాడని నేను చెప్పనే లేదు. నుదుటి బొట్టు కూడా తీయలేదు.

"పెట్టలేదమ్మా. గోదారిలో కలిపాం."

"మరి ఎట్లున్నడో నీకెట్ల తెలుస్తది?"

మర్నాడు పొద్దున సరోజ, మంగమ్మ లేవకముందే, వాగులోంచి మూరెడు రాయి తెచ్చి ఆ వరుస చివర పాతాను. చీర అంచు పొడుగ్గా చింపి కొలిచాను. వచ్చే ఏటికి పెరగకపోతే? ముడి వేయకుండానే ఆ పేలిక చేతికి చుట్టుకుని వాళ్లతో బస్సెక్కాను.