ఎర్రదారం పిపెట్టు

1944 జూలై 3, సోమవారం, ఉదయం పదిన్నర. చిత్తూరులో నేను పనిచేసిన ఆసుపత్రి ల్యాబులో ఇది మొదలైంది. దయ్యాలని నేనెప్పుడూ నమ్మలేదు, ఇప్పటికీ నమ్మను. చూసింది చూసినట్టు రాస్తున్నాను.

టైఫాయిడ్ అనుమానం ఉన్న రోగి రక్తాన్ని, బతికున్న టైఫాయిడ్ క్రిముల ద్రవంతో కలిపి పరీక్షించడం మా పని. ఆ ద్రవాన్ని పిపెట్టు అనే సన్నని గాజు గొట్టంలోకి నోటితో పీల్చి కొలిచేవాళ్ళం. గొట్టం పై కొసలో చిన్న దూది ఉండ పెట్టుకుంటే, పొరపాటున ద్రవం కొలత గీత దాటి పైకి వచ్చినా నోట్లో పడదు. మా డాక్టరు పెట్టనిచ్చేవాడు కాదు. దూది తడిస్తే కొలత తప్పుతుందట.

మేము ఒక్క ఎంగిలి విషయంలో మాత్రం చాలా పట్టింపుగా ఉండేవాళ్ళం. ఒకరు నోరు పెట్టిన గొట్టం ఇంకొకరు పట్టకుండా, ఎవరి పిపెట్టుకు వాళ్ళం రంగుదారం కట్టుకున్నాం. నాది పచ్చ, నాతో పనిచేసే సుగుణది ఎరుపు. పక్కమనిషి ఉమ్మికి భయపడినంతగా గొట్టంలోని జబ్బుకు భయపడలేదు.

ఆ సోమవారం సుగుణ పీలుస్తూ పీలుస్తూ తలుపు చప్పుడుకు తల తిప్పింది. ద్రవం నోట్లోకి వచ్చేసింది. ఉమ్మేసి, కడుక్కోవడానికి లేచింది.

"కూసోమ్మా. ఆ వరస అయిపోనీ, ఆనక కడుక్కుందువు," అన్నాడు డాక్టరు తలెత్తకుండానే. "ఎట్లుండాది, పులుపా, ఉప్పా?"

సుగుణ కూర్చుని ఆ వరసలోని పరీక్షలన్నీ పూర్తి చేసింది. పదో రోజున జ్వరం వచ్చింది. అప్పటికి టైఫాయిడ్‌కు సరైన మందు లేదు. జూలై 31న పేగుకు చిల్లుపడి చనిపోయింది.

ఆగస్టులో నా పిపెట్టు పగిలింది. యుద్ధకాలం, కొత్తది దొరకదు. డాక్టరు ఎర్రదారం పిపెట్టు నా చేతికిచ్చి, "మరగబెట్టినాము లే. ఆ పాప ఎంగిలి ఆ పాపతోనే పాయె," అన్నాడు.

ఆ వారమే ఒకసారి నా అంచనా తప్పింది. ద్రవం గీత దాటి పైకి ఎగబాకి, నా పెదవికి వేలెడు దూరంలో ఆగిపోయింది. నేనింకా పీలుస్తూనే ఉన్నాను. అది కదల్లేదు. సెప్టెంబరు చివరికల్లా ఇలా నాలుగుసార్లు జరిగింది. గొట్టం పూడుకుపోయిందేమోనని మంచినీళ్ళతో పీల్చి చూశాను. నోటిదాకా వచ్చాయి. మరిగించి క్రిములను చంపిన ద్రవంతో చూశాను. అదీ వచ్చింది. బతికున్న క్రిములుంటేనే ఆగేది.

అక్టోబరులో సుగుణ చెల్లెలు సరోజ ఆ ఉద్యోగంలో చేరింది. మొదటి రోజు వాళ్ళమ్మ ల్యాబు గుమ్మందాకా వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "ఈ పిల్లనన్నా సూసుకోమ్మా. నాకు మిగిలింది ఇదొక్కతే."

సరోజ ఎర్రదారం పిపెట్టు అడిగింది. "అది మా యక్కది. ఒక కడుపున పుట్టినోళ్ళకు ఎంగిలి యాడిది?"

అప్పటికి నాకు వేరే పిపెట్టు దొరికింది, సంతోషంగా ఇచ్చాను. నేను చూసిందీ చెప్పాను. ఆ పిల్ల నవ్వింది. "బతికుండంగా నా జడ పట్టుకొని గుంజేది. ఇప్పుడు గొట్టం పట్టుకుంటాదా?"

అక్టోబరు 25, పట్టపగలు. సరోజ నా పక్కనే కూర్చుని పీలుస్తోంది. ద్రవం గీత దాటింది. పెదవికి వేలెడు దూరంలో ఆగింది. సరోజ పీల్చడం మానేసి, సూసినావా అన్నట్టు నా వైపు కళ్ళెగరేసింది. బుగ్గలు కదలడం లేదు. నేను చూస్తుండగానే, ఆగిన ద్రవం మళ్ళీ మెల్లగా ఎక్కడం మొదలుపెట్టింది. ఆ పిల్ల పెదవి తీసేలోపే నోట్లోకి పోయింది.

"నేను పీల్సలేదక్కా," అంది.

ఈసారి డాక్టరు తనే నీళ్ళు అందించాడు. సరోజ ఎన్నిసార్లు పుక్కిలించినా లాభం లేకపోయింది. నవంబరు 20న పోయింది.

తర్వాత చాలామంది చదువుకున్నవాళ్ళను అడిగాను. పీల్చేవాళ్ళు లేకుండా ద్రవం అంత ఎత్తు ఎక్కదన్నారు. నా నోట్లో పడకుండా ద్రవాన్ని నాలుగుసార్లు ఆపినది ఏమిటో, ఆ ఇంటి పిల్లను ఎందుకు వదలలేదో నాకు ఈనాటికీ తెలియదు.

పోయినవాళ్ళు: సుగుణ, ఇరవై రెండేళ్ళు. సరోజ, పందొమ్మిదేళ్ళు. నాకు ఒక్కరోజు జ్వరం కూడా రాలేదు.